స్క్రీన్‌ప్లే ఎక్కడ నేర్చుకోవాలి?

ప్రశ్న: కథలు రాస్తాను, అచ్చయ్యాయి కూడా. సినిమాకు రాయాలని ఉంది. హైదరాబాద్ వెళ్లి కోర్సులో చేరేంత డబ్బు లేదు. ఇంట్లోనే నేర్చుకునే దారి ఉందా?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఉందమ్మా. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రచనకు కోర్సుంది, కానీ దానికోసం ఆగకండి. యూట్యూబ్‌లో పరుచూరి గోపాలకృష్ణ గారి ‘పరుచూరి పలుకులు’ వినండి. సినిమా కథల్ని విడమరిచి చెబుతారు, అదీ మన భాషలో.

అంతకన్నా పెద్ద బడి 1957 నాటి ‘మాయాబజార్’. ప్రియదర్శిని పేటిక సన్నివేశం చూడండి. ఎవరు తెరిస్తే వారికి ఇష్టమైనది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు. ఒక్క వస్తువుతో ముగ్గురి మనసులూ బయటపడ్డాయి! ఆ సన్నివేశాన్ని ఆపి ఆపి చూస్తూ, కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ మాత్రమే నోటుబుక్కులో రాయండి. ‘ఆమె బాధపడింది’ అని రాస్తే కొట్టేయండి. బాధ తెరమీద ఎలా కనిపించిందో రాయండి. కథకులకు ఈ అలవాటు మారడమే కష్టం, నాకు నెలలు పట్టింది.

స్క్రీన్‌ప్లే రాసే సాఫ్ట్‌వేర్ కొనకండి, ఉచితంగా దొరికేవి చాలు. స్క్రీన్‌ప్లే ఒక పేజీకి తెరమీద సుమారు నిమిషం లెక్క. ముందు మీ అచ్చయిన కథల్లోంచి ఒకదాన్ని పది పేజీల లఘుచిత్రంగా మార్చి, నాకు పంపండి. తప్పక చదువుతాను.