విడిపోయిన వారిని కలిపే పనికి వెళ్తున్న నీకు

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

శరణార్థి శిబిరంలో నీకు కుటుంబాల అన్వేషణ పని అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. గుడారాలు, మందులు పంచేవారి శ్రమ సాయంత్రానికల్లా కళ్లకు కనబడుతుంది. నీది నెలల తరబడి కనబడకపోవచ్చు. ఈ పనికి ప్రాణం వివరాలు రాసుకోవడంలోనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జెనీవాలోని రెడ్‌క్రాస్ కేంద్రం యుద్ధఖైదీల ఆచూకీ కోసం దాదాపు 70 లక్షల కార్డులు రాయించింది. ఇప్పుడు కంప్యూటర్లు వచ్చినా, పేరు తప్పుగా నమోదైతే మనిషి దొరకడు.

పిల్లలతో మాట్లాడేటప్పుడు తొందరపడకు. బడిలో పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు మరొకటి ఉంటాయి. రెండూ రాసుకో. చిన్నపిల్లలు ఊరి పేరు చెప్పలేకపోయినా, ఇంటి పక్కన ఏముందో, అమ్మను అందరూ ఏమని పిలుస్తారో చెప్పగలరు. వాళ్ల మాటలను సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు రాయి. దొరికినప్పుడు ఒంటిమీదున్న బట్టలు, చేతిలోని వస్తువులు భద్రంగా దాచు. మాటలు రాని పసివాళ్లకు అవే ఆనవాళ్లు. 1994లో రువాండాలో లక్షకు పైగా పిల్లలు తమవారికి దూరమయ్యారు. ఊరు, పేరు చెప్పలేని చిన్నవాళ్ల కోసం అక్కడ ఫొటోలు చూపించి తల్లిదండ్రులను వెతికారు. అయితే పిల్లల ఫొటోలు బయట తిరిగితే, వాళ్లను ఎత్తుకుపోయేవారికీ అవే దారి చూపుతాయి. అందుకని నీ ఫోనులో ఒక్కటి కూడా ఉంచుకోవద్దు.

పిన్ని దగ్గరో, పొరుగింటివారి దగ్గరో క్షేమంగా ఉన్న బిడ్డను నమోదు పేరుతో అక్కడి నుంచి కదిలించకు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను విడదీయనివ్వకు. తల్లిదండ్రులు కనబడనంత మాత్రాన ఏ బిడ్డనూ అనాథ అని రాయకు. ఆ ఒక్క మాటతో వెతకడం ఆగిపోతుంది, దత్తత అడిగేవారు మొదలవుతారు. ఆ గందరగోళంలో దత్తత మాటే రాకూడదు.

ఎవరైనా వచ్చి 'నా బిడ్డే' అని ఏడిస్తే నీ మనసు కరుగుతుంది. అయినా నీ దగ్గరున్న వివరాలు వారికి చూపించకు. వారిని విడిగా, బిడ్డను విడిగా అడుగు. ఇద్దరి మాటలూ కలిశాయని, బిడ్డకు వెళ్లడం ఇష్టమేనని తేలాకే అప్పగించు. కఠినంగా తోచినా, ఆ బిడ్డకు ఉన్న రక్షణ అదే.

విడిపోయినవారు తమవాళ్లకు రెడ్‌క్రాస్ ద్వారా పంపే సందేశాలు రాయించేటప్పుడు ఇంటి కబుర్లే రాయమని చెప్పు. అవి మూతలేని ఉత్తరాలు, అధికారులు చదువుతారు. సైనికుల మాట గానీ రాజకీయం గానీ ఉంటే ఆగిపోతాయి.

'తప్పకుండా దొరుకుతారు' అని ఎవరికీ మాట ఇవ్వకు. 'వెతుకుతున్నాం' అని చెప్పు. మరణవార్త అయినా దాచకూడదు. తమవారికి ఏమైందో తెలుసుకునే హక్కు కుటుంబాలకు ఉందని యుద్ధ నియమాలపై 1977లో కుదిరిన జెనీవా మొదటి అదనపు ఒప్పందం చెబుతోంది. నిర్ధారణ అయ్యాక, జనం లేని చోట కూర్చోబెట్టి, సూటిగా చెప్పు.

ఇంటికి చేర్చిన పిల్లలను కొన్ని వారాల తర్వాత వెళ్లి చూడు. నీ గడువు ముగిసి తిరిగి వచ్చేటప్పుడు, ఇంకా తేలని ప్రతి వివరాన్నీ నీ తర్వాత వచ్చేవారి పక్కన కూర్చుని అప్పగించి రా.

ఆశీస్సులతో,
పెద్దనాన్న