టీచర్లకు ట్రైనింగ్ ఇస్తే పిల్లల చదవడం బాగుపడుతుందా?

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు చదవడంలో వెనకబడ్డారు, టీచర్లందరికీ రెండు రోజుల ట్రైనింగ్ పెడితే ఫలితం ఉంటుందా అని అడిగారు. రెండు రోజులతో ఆపేస్తే ఉండదండీ. ఆ పొరపాటు మేం చేసే ఉన్నాం.

మా మొదటి వర్క్‌షాప్ బ్రహ్మాండంగా జరిగింది. నెల తర్వాత క్లాసుల్లోకి వెళ్లి చూస్తే ఇచ్చిన ఫైళ్లు బీరువాలో ఉన్నాయి, పాఠం ఎప్పటిలాగే నడుస్తోంది. టీచర్లను అనడానికి లేదు. విని తలూపడం వేరు, క్లాసు నిండా పిల్లలుండగా చేసి చూపించడం వేరు. క్లాసులో టీచర్ పక్కన ఉండి కోచింగ్ ఇస్తేనే కొత్త పద్ధతి నిలబడుతుందని జాయిస్, షవర్స్ అనే పరిశోధకులు 1980ల్లోనే చెప్పారు. మాకు ఏడాది పోయాక తెలిసొచ్చింది.

రెండో ఏడాదిలో ముందుగా పిల్లల సంగతి చూశాం. ఒక్కొక్కరి చేత ఒక పేరా పైకి చదివించి, పుస్తకం మూయించి, ఏం అర్థమైందో చెప్పమన్నాం. కొందరు పెద్ద పదాల దగ్గరే ఆగిపోయారు. ఎక్కువమంది గడగడా చదివేశారు గానీ, అడిగితే నీళ్లు నమిలారు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాల నుంచి పదాన్ని పట్టుకునే శక్తిని భాష తెలియడంతో గుణించడమేనని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో అన్నారు. గుణకారం కాబట్టి ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. అందుకే అందరికీ ఒకే మందు పనికిరాదు. మొదటి రకం పిల్లలను చిన్న గుంపుగా విడిగా కూర్చోబెట్టి, పదాలు విడగొట్టి చదవడం నేర్పించాం.

రెండో రకం వాళ్ల బాధ్యత భాషా టీచర్ ఒక్కరిదే కాదని మాకు ఒక సైన్స్ క్లాసులో అర్థమైంది. పేరాలో "నీరు ఆవిరై పైకి పోతుంది. దీనివల్ల ఉపరితలం చల్లబడుతుంది" అని ఉంది. టీచర్ "దీనివల్ల అంటే దేనివల్ల?" అని అడిగారు. క్లాసంతా నిశ్శబ్దం. ఒక పాప నెమ్మదిగా "నీటివల్లా సార్?" అంది. పాఠం నెల కిందటే అయిపోయింది, నోట్సులో జవాబు కూడా ఉంది! ఆ రోజు నుంచి ఆయన పేరా పేరాకూ ఆగడం మొదలుపెట్టారు.

తర్వాత అన్ని సబ్జెక్టుల్లో ఒకే పద్ధతి పెట్టుకున్నాం: తర్వాత ఏం రావచ్చో ఊహించడం, ప్రశ్న వేయడం, తెలియని మాట తేల్చుకోవడం, రెండు ముక్కల్లో చెప్పడం. పాలిన్‌క్సర్, బ్రౌన్ అనే పరిశోధకులు 1984లో ఏడో తరగతి పిల్లలతో చేసి చూసిన పద్ధతి ఇది. మొదట టీచర్ పైకి ఆలోచిస్తూ చేసి చూపించాలి, మెల్లగా పిల్లలకు వదిలేయాలి. మావాళ్లకు ఈ వదలడమే కష్టమైంది. లెక్కల మాస్టారు అయితే "నాకెందుకిదంతా" అన్నారు, పిల్లలు తప్పుతున్నది కూడికలో కాదు, ప్రశ్న చదవడంలో అని చూసేదాకా.

కోచింగ్ మాత్రం తనిఖీలా ఉండకూడదు. మొదట్లో నేను నోట్సు పుస్తకం పట్టుకుని వెనక బెంచీలో కూర్చుంటే టీచర్లు టెన్షన్ పడి, బాగా వచ్చిన పాఠమే మళ్లీ చెప్పేవారు. నోట్సు రాయడం మానేసి, ముందు నేనే వాళ్ల క్లాసులో పాఠం చెప్పి తప్పులు చేశాక తలుపులు తెరుచుకున్నాయి.

మొదటి టర్మ్‌లో మార్కులు కదల్లేదు, కంగారు పడకండి. మీ రెండు రోజుల్లో ఒకటే ట్రైనింగ్‌కు వాడండి. రెండోదాన్ని గంటలుగా ముక్కలు చేసి ఏడాది పొడవునా పంచితే, ఒక టీచర్ ఇంకో టీచర్ క్లాసు చూడటానికి ఆ పీరియడ్లు సరిపోతాయి.