ప్రాయశ్చిత్తం ‘చేయడం’, ‘చేసుకోవడం’

సందేహం: బైబిల్లోని యోహాను మొదటి పత్రిక (లేఖ) రెండో అధ్యాయంలో క్రీస్తు మన పాపాలకు ‘శాంతికరమై యున్నాడు’ అనీ, నాలుగో అధ్యాయంలో ‘ప్రాయశ్చిత్తమై యుండుటకు’ దేవుడు ఆయన్ను పంపాడనీ ఉంది. రెండూ ఒకటేనా? ప్రాయశ్చిత్తం తప్పు చేసినవాడే చేసుకోవాలి, ఇంకొకరు చేయడమేంటి, అది తెలుగే కాదు అంటారు మా పక్కింటి తెలుగు సారు. – ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: రెండుచోట్లా మూలంలో ఉన్నది ఒకే గ్రీకు మాట, ‘హిలస్మోస్’. అనువాదంలో రెండయింది. పాపం తొలగడం, దేవుడు శాంతించడం – రెండర్థాలూ ఆ మాటకు చెబుతారు. ప్రాయశ్చిత్తం పాపం వైపు చూస్తుంది, శాంతి దేవుడి వైపు చూస్తుంది. ఏది ముఖ్యమన్నది క్రైస్తవ పండితుల మధ్యే తెగని వాదం, అందులోకి నేను పోను. ఒక్క తేడా మాత్రం గమనించండి. గ్రహశాంతి చేయించేది మనం, గంగమ్మ శాంతించాలని పొంగలి పెట్టేదీ మనమే. యోహాను వాక్యంలో ఆ ఏర్పాటు చేసింది దేవుడే.

ఇక సారు అభ్యంతరం. చిక్కంతా ‘చేసుకోవడం’లో చేరిన ‘కొను’లో ఉంది. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు, వండుకున్నాడు అంటే తనకే. హిందూ ధర్మశాస్త్రాల్లో ఉపవాసమో దానమో చేసి పాపం పోగొట్టుకోవలసింది పాపే కాబట్టి మనకు ‘చేసుకోవడం’ అలవాటైంది. బైబిల్లోని లేవీయకాండంలో మాత్రం యాజకుడు, అంటే పూజారి, ప్రజల కోసం ప్రాయశ్చిత్తం ‘చేస్తాడు’. ఇదేమీ మనకు వింత కాదు. తిరుమలలో ఏటా శ్రావణంలో మూడు రోజుల పవిత్రోత్సవాలు ఎందుకు? అర్చకుల వల్లో, సిబ్బంది వల్లో, భక్తుల వల్లో తెలిసీ తెలియక జరిగిన దోషాలు పోవడానికే. క్యూలో నిలబడి దర్శనం చేసుకుని వచ్చేశాం, మనం చేసిన దోషమేంటో మనకే తెలియదు. దానికీ కలిపి అర్చకులే చేస్తున్నారు కదా! కాబట్టి సారు చెప్పింది వాడుకే తప్ప నియమం కాదు.

అయితే యోహాను ఇంకో అడుగు వేశాడు. క్రీస్తు ప్రాయశ్చిత్తం ‘చేశాడు’ అనలేదు, తానే ప్రాయశ్చిత్తం ‘అయ్యాడు’ అన్నాడు. యాజకుడూ బలీ ఒక్కరే అన్నమాట. హెబ్రీయుల పత్రికలో ‘తన్ను తాను... అర్పించుకొనిన క్రీస్తు’ అని చదివే ఉంటారు. మళ్లీ ‘కొను’ వచ్చిందే అనకండి. వండుకోవడంలో ఫలం తనకు, ఈ అర్పించుకోవడంలో తనకు ఏమీ లేదు, ఇచ్చింది తననే. ఒకే ‘కొను’ రెండు పనులు చేస్తుంది. సారుకు ఇది చూపించండి.

అన్నట్టు, మీ ఉత్తరంలో ‘ప్రాయచ్ఛిత్తం’ అని ఉంటే దిద్ది వేశాం. ‘శ’ కింద ‘చ’ వత్తు రావాలి.