డెలీ మాంసం, చీజ్: రెండింటినీ ఒకే గాటన కట్టకండి

అమెరికా వచ్చిన కొత్తలో, వంటకి టైమ్ దొరకనివాళ్లకి ముందుగా అలవాటయ్యేది శాండ్‌విచ్. రెండు బ్రెడ్ ముక్కల మధ్య డెలీ మాంసం (ముందే వండి, పల్చగా కోసి షాపుల్లో అమ్మేది), అంటే టర్కీ కోడి స్లైసుల్లాంటివి, ఒక చీజ్ స్లైస్ పెడితే ఐదు నిమిషాల్లో లంచ్ డబ్బా రెడీ. తర్వాత ఎవరో ఒకరు "అదంతా ప్రాసెస్డ్ ఫుడ్, క్యాన్సర్ వస్తుంది" అంటారు, ఇంకొకరు "టర్కీనే కదా, ఏం కాదు" అంటారు, ఇక టెన్షన్ మొదలు. నన్నడిగితే రెండూ సగం నిజాలే. మాంసం సంగతి వేరు, చీజ్ సంగతి వేరు.

ముందు మాంసం గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని గట్టి ఆధారాలున్నవాటిలో చేర్చింది. పొగాకు కూడా అదే గ్రూపులో ఉంది కాబట్టి హ్యామ్ (ఉప్పు పట్టించిన పంది మాంసం) తిన్నా సిగరెట్ తాగినా ఒకటే అని కొందరు భయపెడతారు, అది తప్పు. ఆ గ్రూపు ఆధారం ఎంత గట్టిదో చెబుతుందే తప్ప ప్రమాదం ఎంత పెద్దదో చెప్పదు. వాళ్ల లెక్క ప్రకారం రోజూ 50 గ్రాములు తినేవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. అంటే నూటికి 18 మందికి వస్తుందని కాదు. అమెరికాలో జీవితకాలంలో నూటికి సుమారు నలుగురికి వచ్చే జబ్బు ఇది, ఆ నలుగురు దాదాపు ఐదుగురవుతారు. ఎప్పుడో పార్టీలో నాలుగు పెప్పరోని ముక్కలు తిన్నందుకు బెంగపడక్కర్లేదు. కానీ ప్యాకెట్ మీద రాసే ఒక సర్వింగ్ 2 ఔన్సులు, అంటే 56 గ్రాములు. రోజూ ఒక శాండ్‌విచ్ తినేవాళ్లు ఆ 50 గ్రాములు దాటేసినట్టే.

మరి టర్కీ, చికెన్? ఉప్పు పట్టించినా, పొగపెట్టినా, నిల్వ కోసం మందులు కలిపినా ఏ మాంసమైనా ప్రాసెస్డ్ కిందకే వస్తుంది. కోడి కాబట్టి మినహాయింపేమీ లేదు. కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి: టర్కీ బ్రెస్ట్, తర్వాత నీళ్లు, ఉప్పు, చక్కెర, స్టార్చ్, క్యారజీనన్, సోడియం ఫాస్ఫేట్, సోడియం నైట్రైట్ (మాంసం పాడవకుండా, రంగు పోకుండా కలిపే మందు). చేత్తో పట్టుకుంటే ఎక్కడా పీచు కనపడకుండా, అంచులు గుండ్రంగా, ప్రతి స్లైసూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అది ముక్కలు కలిపి అచ్చులో నొక్కి చేసిన మాంసమే అయ్యుండొచ్చు.

'అన్‌క్యూర్డ్' (అలాంటి నిల్వ మందులు కలపలేదని అర్థం) అనే లేబుల్ చూసి చాలామంది మోసపోతారు, దీనిమీద నాకు నిజంగానే కోపం. 'నైట్రేట్, నైట్రైట్ కలపలేదు' అని పెద్దక్షరాల్లో ఉంటుంది, దానికిందే చిన్నక్షరాల్లో సెలెరీ అనే కూర పొడిలో సహజంగా ఉండేవి తప్ప అని ఉంటుంది. సెలెరీ నుంచి వచ్చిన నైట్రైట్ కూడా నైట్రైటే, మాంసంలో అది చేసే పనీ అదే. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

ఉప్పు సంగతి ఇంకా దగ్గరి ప్రమాదం, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లకి. ఆ 2 ఔన్సుల టర్కీలో చాలా బ్రాండ్లలో 400 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం (ఉప్పులో ఉండేది ఇదే) ఉంటుంది, పెద్దవాళ్లకి రోజుకి ఇక్కడ చెప్పే పరిమితి 2,300 మిల్లీగ్రాములు. బ్రెడ్, చీజ్, సాస్ కలిస్తే ఒక్క పూటకే సగం దాటిపోవచ్చు. లేబుల్ మీద సోడియం రోజు పరిమితిలో 20 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఎక్కువన్నట్టు, 5 లోపు ఉంటే తక్కువన్నట్టు.

ఇంట్లో గర్భిణులుంటే మాత్రం ఇది నిర్లక్ష్యం చేసే విషయం కాదు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరుగుతుంది, బిడ్డ ప్రాణానికే ముప్పు. 2024లో డెలీ మాంసం వల్ల వ్యాపించి ఇక్కడ 10 మంది చనిపోయారు. తినాల్సి వస్తే 165 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు, పొగలు వచ్చేలా వేడి చేసి తినాలి. ముసలివాళ్లకీ ఇదే వర్తిస్తుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు గుర్తుపెట్టుకోండి.

ఇక చీజ్. పాలు, ఉప్పు, కల్చర్ (పాలని పులియబెట్టే బ్యాక్టీరియా), పాలని విరగ్గొట్టే ఎంజైములు, ఇంతే ఉంటే అది శతాబ్దాలుగా చేస్తున్న పద్ధతే, దాన్ని చూసి భయపడక్కర్లేదు. చెడ్డర్ అనే రకం చీజ్ ఔన్సులో 7 గ్రాముల దాకా ప్రొటీన్, సుమారు 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. కాకపోతే 6 గ్రాముల దాకా శాచురేటెడ్ కొవ్వూ ఉంటుంది, అందుకని కొలత చూసుకోవాలి. ఉప్పు తగ్గించుకోవాలంటే స్విస్ చీజ్ మంచిది, ఔన్సుకి 60 మిల్లీగ్రాముల లోపే సోడియం. పాలు పడనివాళ్లు కూడా బాగా పాతబడిన చీజ్ కొద్దిగా తిని చూడొచ్చు, అందులో లాక్టోజ్ (పాలలోని చక్కెర) చాలా తక్కువ. ఒక్కొక్కటీ ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మే పసుపు స్లైసులు వేరే రకం. వాటిమీద 'చీజ్' అని ఊరికే ఉండదు, 'ప్రాసెస్ చీజ్' అనో 'చీజ్ ప్రొడక్ట్' అనో ఉంటుంది. కరిగినప్పుడు నూనె విడిపోకుండా సోడియం సిట్రేట్ లాంటివి కలుపుతారు, ఉప్పూ ఎక్కువే.

శాకాహారులకి ఇంకో మాట. చీజ్ లేబుల్‌లో ఉత్త 'ఎంజైములు' అని ఉంటే అవి దూడ పొట్టలోంచి తీసినవీ కావచ్చు. 'మైక్రోబియల్' లేదా 'వెజిటబుల్ రెన్నెట్' (రెన్నెట్ అంటే పాలని విరగ్గొట్టే ఆ ఎంజైములే) అని రాసి ఉన్నవి చూసి కొనండి. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానో చీజ్‌లో మాత్రం ఎప్పుడూ దూడ రెన్నెటే వాడతారు.

మాంసం లేకుండా లంచ్ కుదరదనుకునేవాళ్లు ఆదివారం ఒక చికెన్ బ్రెస్ట్‌ని ఓవెన్‌లో కాల్చి, చల్లారాక పల్చగా కోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, మూడు నాలుగు రోజులు వస్తుంది. ఉప్పు ఎంత వేశారో మీకే తెలుస్తుంది.