పాస్‌వర్డ్ మాత్రం అందరికీ పంచకండి

"ఐదుగురం ఉన్న చిన్న వ్యాపారం, కస్టమర్ల మెయిల్స్ అందరం చూసి జవాబిచ్చేలా ఒకే ఇన్‌బాక్స్ పెట్టుకోవాలి, ఎలా?" అని అడిగారు. ఎలా అన్నది పెద్ద పనేం కాదు, చివర్లో చెప్తాను. ముందు మేం ఏం చేసి మునిగామో వినండి, ఎందుకంటే మీరూ సరిగ్గా అదే చేయబోతున్నారని నా గట్టి అనుమానం.

మేం నలుగురం. సేల్స్ పేరుతో మామూలు మెయిల్ ఐడీ ఒకటి తెరిచి, పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూప్‌లో పడేశాం. మొదటి వారం హాయిగా గడిచింది. ఆ తర్వాత ఎవరు కొత్తగా లాగిన్ అవ్వబోయినా ఓటీపీ నా ఫోన్‌కే. బండి మీద వెళ్తుంటే పక్కకి ఆపి చదివి వినిపించాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులవాళ్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే, నేను రోడ్డు పక్కన నిలబడి ట్రాఫిక్ మోతలో అంకెలు అరుస్తూ ఉండేవాణ్ణి.

సరే, అది చిరాకు మాత్రమే. అసలు దెబ్బ వేరే ఉంది. పాత కస్టమర్ ఒకాయన పెద్ద ఆర్డర్ ఇస్తాను, రేటు ఏమైనా తగ్గిస్తారా అని రాత్రి మెయిల్ పెట్టాడు. సేల్స్ చూసే అబ్బాయి పడుకునే ముందు ఫోన్‌లో తెరిచి, పొద్దున రాద్దాంలే అనుకుని మర్చిపోయాడు. పొద్దున నేను చూస్తే అది చదివేసిన మెయిల్‌లా ఉంది, ఎవరో జవాబిచ్చేసి ఉంటారనుకున్నాను. అకౌంట్స్ చూసే ఆవిడా అలాగే అనుకున్నారు. రెండు రోజులు పోయాయి. ఆయన మళ్లీ గుర్తుచేస్తూ రాశాడు. ఈసారి అందరికీ కంగారు పుట్టింది. నేను పది శాతం తగ్గిస్తామని రాశాను, ఐదు నిమిషాల తేడాతో ఆ అబ్బాయి "ఇదే ఆఖరి రేటు, తగ్గించడం కుదరదు" అని రాశాడు. రెండూ ఒకే ఐడీ నుంచి వెళ్లాయి, కింద పేర్లు కూడా లేవు. ఆయన ఫోన్ చేసి, "ముందు మీలో మీరు ఒక మాట మీదకి రండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ తర్వాత మాట్లాడింది లేదు, ఆర్డర్ వచ్చిందీ లేదు. రెండో మెయిల్ ఎవరిదో తేలడానికే సాయంత్రం అయింది, ఎందుకంటే ఒకే లాగిన్‌తో అందరూ దూరితే ఎవరేం పంపారో ఎలా తెలుస్తుంది?

అప్పటి నుంచి నాదొకటే మాట. మెయిల్ అందరికీ కనిపిస్తే చాలదు, ఇది ఫలానావాళ్ల పని అని దాని మీద ఒక పేరు ఉండాలి. "అందరికీ ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. తలా ఒక కాపీ వస్తుంది, ఎవరు జవాబిచ్చారో ఎవరికీ తెలీదు, పైగా ప్రతిదానికీ అందరినీ సీసీలో పెట్టి "నోటెడ్" అని రాసే మనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు, మాకూ ఉన్నారు, ఆవిడ ఇది చదవరని ఆశ.

ఇక సెట్ చేయడం. మీ ఆఫీసు మెయిల్ మైక్రోసాఫ్ట్ 365లో ఉంటే అడ్మిన్ పేజీలో షేర్డ్ మెయిల్‌బాక్స్, అంటే అందరూ కలిసి చూసే మెయిల్‌బాక్స్, తయారు చేయండి. 50 జీబీ వరకు దానికి విడిగా లైసెన్స్ కొనక్కర్లేదు, వాడే మనుషులకి మాత్రం వాళ్ల లైసెన్స్ ఉండాలి. ఎవరి లాగిన్‌తో వాళ్లే వస్తారు, ఓటీపీ గోల లేదు. చదివే అనుమతి వేరు, ఆ పేరుతో పంపే అనుమతి వేరు, రెండూ ఇవ్వాలి. ఇంకోటి, పంపిన మెయిల్ మామూలుగా పంపినవాళ్ల సొంత సెంట్ ఫోల్డర్‌లోకే పోతుంది, షేర్డ్ మెయిల్‌బాక్స్‌లో కూడా కాపీ ఉండే సెట్టింగ్ ఆన్ చేయకపోతే మళ్లీ మా కథే.

గూగుల్ వర్క్‌స్పేస్ (ఆఫీసుల కోసం గూగుల్ ఇచ్చే మెయిల్) అయితే గూగుల్ గ్రూప్స్‌లో కొలాబరేటివ్ ఇన్‌బాక్స్, అంటే అందరూ కలిసి పని చేసుకునే ఇన్‌బాక్స్, ఉంది. మేం వాడేది అదే. చూడ్డానికి జీమెయిల్ అంత బాగుండదు, కానీ వచ్చిన మెయిల్‌ని ఒకరి పేరు మీద అసైన్ చేయొచ్చు, పని అయిపోయాక పూర్తయిందని గుర్తు పెట్టొచ్చు. పొద్దున వచ్చిన వెంటనే అకౌంట్స్ ఆవిడ పేర్లు వేసేస్తారు. తన పేరు లేని మెయిల్‌కి ఎవరూ జవాబివ్వకూడదు, నేనైనా సరే.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. ఈ గూగుల్ గ్రూప్‌కి బయటివాళ్లు మెయిల్ పంపొచ్చా లేదా అనే సెట్టింగ్ ఒకటుంటుంది. అంతా అయ్యాక మీ ఆఫీసు ఐడీ నుంచి కాకుండా బయటి ఐడీ నుంచి ఒక మెయిల్ పంపి చూడండి. మేం లోపలి నుంచే పంపి చూసుకుని, వచ్చేసిందని సంబరపడ్డాం. తర్వాత రెండు రోజులు ఒక్క కస్టమర్ కూడా రాయట్లేదేంటి, మార్కెట్ ఇంత డల్‌గా ఉందేంటి అని టీ తాగుతూ చర్చించుకున్నాం.