గేరేజీ గుమ్మం: లోడుతో సుంకి ఘాటు దిగుతుంటే ముందు చక్రం టక్కుమంటోంది

ప్రశ్న: మేస్త్రీగారూ నమస్తే. మాది కొరాపుట్ జిల్లా సెమిలిగుడ దగ్గర. డబుల్ క్యాబ్ పికప్ ఉంది, కుందులి సంతలో అల్లం, క్యాబేజీ ఎత్తుకుని పొట్టంగి, సుంకి మీదుగా సాలూరులో దింపుతుంటాం, వారానికి మూడు నాలుగు ట్రిప్పులు. నెల్రోజుల నుంచి ఎడం ముందు చక్రం గుంతలో పడితే టక్కుమంటోంది, స్టీరింగు ఎడమకి లాగుతోంది, ఆ టైరు లోపలంచు గీకేసినట్టు అరిగిపోయింది. ఒకాయన జాకీ వేసి చక్రం ఊపి చూసి బాల్ జాయింట్లు బాగానే ఉన్నాయి షాకబ్జర్లు మార్చు అన్నాడు, మార్చాను, చప్పుడు పోలేదు డబ్బులు పోయాయి. ఇంకొకాయన బాల్ జాయింట్లే పోయాయంటున్నాడు. ఎవరి మాట వినమంటారు? నాకు నేను చూసుకోడానికి ఏదైనా దారుందా?

జవాబు: రెండో ఆయన చెప్పిందే నిజమయ్యేలా ఉంది తమ్ముడూ. బాల్ జాయింటంటే ముందు చక్రాన్ని దాన్ని పట్టుకునే ఇనప చెయ్యికి, అంటే ఆర్మ్‌కి, కలిపే కీలు, గిన్నెలో గుండు తిరిగినట్టు ఉంటాది. మొదటి ఆయన్ని కూడా తిట్టుకోకు, మా సాలూరు, జయపూర్ వైపు చాలామందిమి లారీల కింద పడుకుని పని నేర్చుకున్నవాళ్లమే, లారీకి ముందు చక్రం పక్కకి తిరగడానికి నిలువు కడ్డీ, కింగ్ పిన్ను, ఉంటాది, ఇరుసు కింద జాకీ వేసి చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులు ఆట, ఉందో లేదో చేతికి తెలిసిపోతాది. అదే అలవాటుతో పికప్‌ని ఛాసిస్ కింద ఎత్తి ఊపితే చక్రం బిగుతుగానే కనిపిస్తాది, ఎందుకంటే కాయిల్ స్ప్రింగు లోయర్ ఆర్మ్‌ని కిందకి తోసేస్తూనే ఉంటాది, ఆ తోపుకి బాల్ జాయింట్‌లో గుండు గిన్నెకి ఒక పక్క అదిమేసి ఉండి కదలదు, అరిగిపోయినా అరగనట్టే నటిస్తాది.

ముందు బండి కిందకి వంగి చూడు. ముందు కమాను కట్టలుంటే ఈ చెకింగ్ నీ బండికి కాదు. ఇసుజు డీ-మ్యాక్స్‌కి ఉన్నట్టు పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్ ఉండి స్ప్రింగు కింద ఆర్మ్ మీద కూర్చుంటే జాకీ వెయ్యాల్సింది ఛాసిస్‌కి కాదు, ఆ లోయర్ ఆర్మ్ కిందే, బాల్ జాయింట్‌కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా. చదును నేల మీద పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, చక్రం నేల నుంచి రెండు మూడు అంగుళాలు లేస్తే చాలు, ఛాసిస్ కింద స్టాండు కూడా ఆనించు, జాకీ ఒక్కదాన్నీ నమ్మి కిందకి తల పెట్టకు. ఇప్పుడు బరువంతా ఆర్మ్ మీదుంది, జాయింట్ ఖాళీ అయింది. టైరు కింద గడ్డపార దూర్చి పైకి లేపుతూ వదులుతూ ఉండు, ఇంకో మనిషి టార్చి వేసి జాయింట్‌నే చూడాలి, గిన్నెలో గుండు పైకీ కిందకీ ఆడుతుంటే దొంగ దొరికినట్టే. ఎంత ఆట వరకు పర్లేదన్నది బండిబండికీ మారతాది, మాన్యువల్‌లో రాసుంటాది, కానీ కంటికి కనపడేంత ఆడుతూ టక్‌మని వినపడుతుంటే నేనైతే కొలత కూడా తియ్యను, మార్చేస్తాను.

తరవాత టైరుని పైనా కిందా పట్టుకుని ఊపు, ఊగిందా, ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమను. ఊపు ఆగిపోతే అది వీల్ బేరింగు, ఆగకపోతే బాల్ జాయింటు. కుడీ ఎడమా పట్టుకుంటేనే ఊగుతుంటే టైరాడ్ ఎండ్, అంటే స్టీరింగు కడ్డీ చివరి కీలు, వైపు చూడు. జాయింటు మీది రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారిపోయి లోపల ఎర్రమట్టి చేరిందంటే ప్లే లేకపోయినా దానికి రోజులు దగ్గరపడ్డట్టే. వానాకాలం మన పక్క మట్టి సంగతి నీకు నేను చెప్పాలా.

ఇందులో భయపడాల్సింది చప్పుడుకి కాదు. గుండు గిన్నెలోంచి ఊడొచ్చేస్తే చక్రం పక్కకి మడతపడిపోతాది, బండి ఆర్మ్ మీద కూలబడతాది, ఇంక స్టీరింగు తిప్పినా లాభం లేదు. ఆ టైములో నువ్వు సుంకి మలుపులో అల్లం బస్తాలతో ఉన్నావనుకో. అందుకే ప్లే కనిపిస్తే మాత్రం లోడు ఎత్తకు, ఖాళీ బండి మెల్లగా గేరేజీకి తోలించు, ఎక్కువుంటే అదీ వద్దు, లాగించుకెళ్లు.

మార్చడం గురించి. కొన్నింటికి జాయింటు మూడు నాలుగు బోల్టులతో ఉంటాది, కొన్నింటికి ఆర్మ్‌లోకి ప్రెస్ కొట్టి ఉంటాది, కొన్నింటికి ఆర్మ్‌తో కలిపే కొనాలి, పాతది చూసి పార్టు తెచ్చుకో. ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్తున్నా, లోయర్ ఆర్మ్ కింద జాకీ ఆనించకుండా నట్టు పూర్తిగా తియ్యకు, స్ప్రింగు ఎగిరొచ్చి తంతాది. నట్టుని రెండు మూడు చుట్లు ఉంచేసి, పుల్లరుతో గానీ, నకల్‌లో, అంటే చక్రాన్ని మోసే ఇనప ముక్కలో, జాయింటు కోను (సన్నబడే కాడ) కూర్చునే దగ్గర పక్కనుంచి సుత్తితో దెబ్బ వేసి గానీ జారనివ్వాలి, మరమీద కొడితే అంతే సంగతులు. రెండు కొమ్ముల ఫోర్కు దూర్చి విడగొడితే బూటు చిరుగుతాది, పారేసే జాయింట్‌కే అది వాడు. బ్రేకు క్యాలిపర్ విప్పితే హోస్‌కి వేలాడదియ్యకు, తీగతో కట్టు. ప్రెస్ చేసేది అంచు మీదే నొక్కాలి, మధ్యలో మూత మీద కాదు. కొత్త జాయింటు కోను తుడిచి పొడిగా ఎక్కించు, గ్రీజు పుయ్యకు. ఆర్మ్ మొదట్లో ఉండే రబ్బరు బుష్ బోల్టులు విప్పుంటే బండి నేల మీద దిగి కూర్చున్నాకే ఫైనల్ టైట్ చెయ్యి, లేకపోతే బుష్ మెలితిరిగి తొందరగా పోతాది. రెండో పక్కది కూడా చూసుకో, అదీ ఇన్ని ట్రిప్పులే తిరిగింది కదా. ఆఖర్న అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైరు లోపలంచు కూడా గీకేస్తాది, ఆ డబ్బు దగ్గర పిసినారితనం వద్దు.

ప్రశ్న: గుణుపురం నుంచి. కొత్త జాయింటు వేశాక క్యాజిల్ నట్టు (పిన్ను పెట్టడానికి పైన గాడులుండే నట్టు) బిగిస్తే పిన్ను కన్నం కలవడం లేదు. కొంచెం వెనక్కి తిప్పి పిన్ను పెట్టేశాను, పర్లేదా?

జవాబు: పర్లేదు కాదు. చెప్పిన టార్క్‌కి బిగించాక కన్నం కలవకపోతే ఇంకొంచెం బిగించి కలపాలి గానీ వదులు చెయ్యకూడదు. వదులైతే కోను నకల్‌లో ఆడి కన్నం అరిగిపోతాది, అప్పుడు నకల్ కూడా కొనాలి. పాత స్ప్లిట్ పిన్ను వంచి మళ్లీ పెట్టావా? అదీ తీసి కొత్తది పెట్టు. నైలాన్ ఉన్న నట్టయితే ఒకసారి విప్పిందాన్ని మళ్లీ వాడకు.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి. ప్లే వచ్చిన జాయింట్‌కి వెల్డింగ్ చుక్కలు పెట్టి టైట్ చేస్తానంటున్నాడు మా మెకానిక్, సగానికి సగం డబ్బులు మిగులుతాయంటున్నాడు.

జవాబు: వేడికి లోపల గ్రీజు, సీటు మాడిపోతాయి, రెండు వారాలు బిగుతుగా ఉన్నట్టే ఉండి మళ్లీ వదులవుతాది, ఈసారి చెప్పకుండా. వద్దని చెప్పు, కొత్తది వేయించు.