స్టిక్కర్ ఒక్కటే ఎంపీపీటీ!

తోటలోని షెడ్డులో రెండు లైట్లు, ఒక ఫ్యాను నడిచేలా సోలార్ పెట్టుకోవాలంటే ఏ బ్యాటరీ, ఏ ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు పంపే పెట్టె), ఎంత ఇన్వర్టర్ కొనాలని అడిగారు. అందరూ బ్యాటరీ దగ్గరే మొదలుపెడతారు. నన్నడిగితే ముందు చూడవలసింది కంట్రోలర్‌నే. దాని వల్ల చెయ్యి కాలినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

అనంతపురం దగ్గర మా చీనీ తోటలో 330 వాట్ల ప్యానెల్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించాం. కంట్రోలర్ మీద ‘ఎంపీపీటీ’ (అంటే ప్యానెల్ నుంచి పూర్తి శక్తి రాబట్టే రకం) అని పెద్ద అక్షరాలు. రెండు నెలలు తిరగకముందే రాత్రి పదకొండింటికల్లా ఫ్యాను ఆగిపోవడం మొదలైంది. బ్యాటరీ పోయింది, కొత్తది కొనండి అన్నాడు దుకాణదారు. నాన్న సరేననేశారు కూడా.

డీసీ కొలిచే క్లాంప్ మీటర్ అరువు తెచ్చాను (చాలామంది దగ్గర ఉండేది ఏసీ మాత్రమే చూపిస్తుంది). ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం, నాన్న గొడుగు పట్టుకుంటే గోడ పక్కన కూర్చున్నాను. ప్యానెల్ నుంచి వచ్చే తీగకు తగిలిస్తే 8.6 ఆంపియర్లు. బ్యాటరీకి వెళ్లే తీగకు తగిలిస్తే అక్కడా 8.6. గుట్టు బయటపడింది. ఆ ప్యానెల్ 37 వోల్టుల దగ్గర పూర్తి శక్తి ఇస్తుంది. నిజమైన ఎంపీపీటీ అయితే ఆ వోల్టేజీని తగ్గించి, ఆంపియర్లను పెంచి, బ్యాటరీ వైపు ఇరవై దాకా చూపించాలి. ఇది ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపి 13 వోల్టులకు దించేస్తోంది. 330 వాట్లలో మాకు దక్కుతున్నది దాదాపు 112. స్క్రూలు విప్పి చూస్తే లోపల రాగి తీగ చుట్టిన కాయిల్ జాడే లేదు. “మరి డబ్బు దేనికి తీసుకున్నట్టు?” అన్నారు నాన్న.

కంట్రోలర్ మార్చిన రోజే మీటర్ 20 దాటింది. ‘పోయిన’ బ్యాటరీ ఇప్పుడు మూడో వేసవి చూస్తోంది. పాపం, దానికి కడుపు నిండా తిండి లేదంతే. అలాగే ఇంకొన్నాళ్లు వదిలేసి ఉంటే పలకలకు సల్ఫేట్ పట్టి నిజంగానే పోయేది.

మీరు సీ10 (పది గంటల వాడకం మీద లెక్కగట్టిన సామర్థ్యం) అని రాసి ఉన్న సోలార్ బ్యాటరీ తీసుకోండి. కారు బ్యాటరీ చవక కదా అని ఆశపడకండి. 12 వోల్టుల 150 ఏహెచ్‌లో సగమే వాడుకున్నా 900 వాట్ అవర్లు వస్తాయి. మామూలు ఫ్యాను పది గంటల్లో అందులో 750 మింగేస్తుంది, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను అయితే 300తో సరిపెడుతుంది. బిగించేటప్పుడు కంట్రోలర్‌కు మొదట బ్యాటరీని కలపండి, తర్వాతే ప్యానెల్‌ను. బ్యాటరీలో బోరు నీళ్లు మాత్రం పోయకండి. మా ఇంట్లో చెంబు దాకా వచ్చింది వ్యవహారం, సమయానికి పట్టుకున్నాను.

ఇన్వర్టర్ పెద్దదైతే మంచిదన్న భ్రమ ఒకటుంది. ఏ పనీ లేకుండా ఆన్‌లో ఉన్నందుకే మాది 15 వాట్లు తినేది, అంటే రోజుకు 360 వాట్ అవర్లు, బీఎల్‌డీసీ ఫ్యాను రాత్రంతా తిరిగేదానికంటే ఎక్కువ! ఇప్పుడు నాన్న తెల్లవారి పళ్లు తోముకోకముందే వెళ్లి దాని స్విచ్ ఆపుతారు.